తేనె లేని తంగేడు ఎవరి కోసం? గింజ వేయాలా, వద్దా?

పొలంగట్టు (సిద్దిపేట): కంచె పొడుగునా వేద్దామని తంగేడు కాయలు ఏరి పెట్టుకున్నా. మా బావమరిదేమో "ఆ పువ్వులో తేనె చుక్క ఉండదు, లాంటానా పెట్టు, సీతాకోకచిలుకలు మూగుతాయి" అంటున్నాడు. నిజమేనా?

మిద్దెతోట: తేనె ఉండదన్నది నిజమే అన్నా. పైగా గింజ ఓ పట్టాన మొలవదు. వావిలి కొమ్మ గుచ్చండి, తేనెటీగలు వదలవు.

తుమ్మెదరెక్క: తేనె లేకపోతేనేం, పుప్పొడి ఉందిగా! ఎండు కర్రకు బెజ్జం పెట్టి గూడు కట్టే నల్లటి పెద్ద తుమ్మెదలు పిల్లలకు పెట్టుకునేది దాన్నే. పొద్దున్నే చెట్టు దగ్గర నిలబడి వినండి. ఎగిరేటప్పుడు ఒక మోత, పువ్వును కరుచుకోగానే ఇంకో మోత, సన్నగా జుయ్యిమని. తంగేడు పువ్వులో పుప్పొడి తిత్తులు విచ్చుకోవు, కొసన చిన్న రంధ్రాలుంటాయంతే. తుమ్మెద ఒళ్ళు అదిరిస్తేనే పొడి రాలుతుంది. మన తేనెటీగకు ఆ విద్య రాదు. వంకాయ, టమాటా పువ్వులదీ ఇదే తంతు, కాబట్టి గట్టున తుమ్మెదలు తిరిగితే కూరగాయల మడికీ లాభమే.

ఇక లాంటానా అంటారా, అమెరికా ఖండం నుంచి వచ్చి మన అడవుల్ని కమ్మేసిన కంప అది. దాన్ని డబ్బిచ్చి కొనుక్కోవడమా? సీతాకోకచిలుకలు దానిమీద తేనె తాగి పోతాయి. లేత పసుపు రెక్కలవి గుడ్లు పెట్టేది తంగేడు ఆకు మీద. పచ్చ గొంగళి కనిపించిందని మందు కొట్టకండి మరి.

మిద్దెతోట: తుమ్మెద సంగతి ఒప్పుకున్నా. తేనె పెట్టెలు పెట్టుకున్నవాళ్ళకి మాత్రం వావిలే మేలు, ఆ మాట మార్చను.

విత్తనాలక్క: మొలవకపోవడానికి కారణం గింజ పైతోలు. నీళ్ళు లోపలికి పోనివ్వదు. గోధుమరంగుకు తిరిగి గలగలమనే కాయలే ఒలవండి, పురుగు బెజ్జం పడ్డవి పారేయండి. మరిగిన నీళ్ళు పొయ్యి మీంచి దించి, కాసేపాగి గింజల మీద పోసి రాత్రంతా వదిలేయండి. ఉబ్బినవే వేయండి. ఉబ్బనివాటిని గరుకు కాగితం మీద ఒక పక్క రుద్ది మళ్ళీ నానబెట్టండి. తల్లివేరు లోతుకు దిగే మొక్క, పీకి నాటితే అలుగుతుంది. మృగశిర కార్తె వానలకు నేరుగా గట్టునే వేయండి, లేదంటే పొడుగాటి కవర్లలో. రోడ్డు పక్క ముదురు మొక్కలు తవ్వుకొచ్చే పని పెట్టుకోకండి.

వాడకట్టు వదిన: అంతా బాగుంది కానీ, రాష్ట్ర పుష్పం కదా, బతుకమ్మకి కొమ్మలతో సహా విరుచుకుపోతారు. ఇక కాయ ఎక్కడిది, గింజ ఎక్కడిది?

పొలంగట్టు: పువ్వులు కోసుకోనీ వదినా, నేను పెంచేది సగం అందుకే. కొమ్మ విరిస్తే మాత్రం ఊరుకోను. గింజలు గట్టున వేస్తున్నా, వావిలి బావి దగ్గర. బావమరిదికి ఈ చర్చ పంపించా, ఇంకా ఉలుకూ పలుకూ లేదు.