కొల్లేటి వార్తల్లో ‘కాంటూరు’కి తెలుగు మాట కావాలా?

ప్రశ్న: కొల్లేరు గురించి ఏ వార్త చదివినా ‘ఐదో కాంటూరు’, ‘మూడో కాంటూరు’ అని రాస్తున్నారు. దీనికి మంచి తెలుగు మాట లేదా అండీ?

జవాబు: పాఠ్యపుస్తకాల్లో ‘సమోన్నత రేఖ’ ఉందండీ. సముద్ర మట్టం నుంచి ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలుపుతూ గీసే గీత. కానీ కైకలూరు, ఆకివీడు వైపు ఆ మాట వాడితే ఎవరూ పలకరు. ‘మా భూమి ఐదో కాంటూరులో పడింది’ అంటారు, అంతే. ఆ మాట తెలుగైపోయింది, ఇక దాన్ని మార్చక్కర్లేదు.

నా బాధ వేరు. ‘అభయారణ్యాన్ని ఐదు నుంచి మూడో కాంటూరుకి కుదించాలి’ అని చదివితే బయటివాళ్లకి అదేదో చిన్న సర్దుబాటులా కనిపిస్తుంది. ఆ అంకెలు అడుగులు. కొల్లేరు పళ్లెంలా చదునైన నేల. ఐదడుగుల గీత లోపల 308 చదరపు కిలోమీటర్లుంటే, మూడడుగుల గీత లోపల ఉండేది దాదాపు 135. అంటే రెండడుగులు తగ్గిస్తే సగానికి పైగా పోతుంది! 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ (అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేల) గుర్తింపు వచ్చింది, 2006లో చేపల చెరువుల కట్టలు కొట్టేశారు. రెండేళ్లకే, 2008లో, మూడో కాంటూరుకి తగ్గించమని శాసనసభ తీర్మానం చేసింది.

పోయేది అంచు. లోతు తక్కువ నీళ్లు, గడ్డి ఉండే ఆ అంచులోనే కొరమీను, ఇంగిలాయి గుడ్లు పెడతాయి, కొంగలు మేస్తాయి. అక్కడ పొక్లెయిన్‌తో కట్ట పోస్తే లోపల మిగిలేవి బొచ్చె, శీలావతి, తవుడు బస్తాలు. లారీలెక్కి కలకత్తా దాకా వెళ్లే ఆ చేపల డబ్బు నిజమే, దానిమీద బతికే కుటుంబాలూ నిజమే. కానీ మావులు (చేపలు పట్టే బుట్టలు) పెట్టుకుని బతికేవాళ్లకి చోటు ఉండదు. వానాకాలంలో బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీళ్లకి సముద్రం దారి ఉప్పుటేరొక్కటే. కట్టలు అడ్డుపడితే ఆ నీళ్లు ఊళ్ల మీదికే ఎక్కుతాయి.

ఇంకో సంగతి. గీత లోపల జిరాయితీ (సొంత పట్టా) భూములున్న చిన్న రైతుల గోడు న్యాయమైనది. పరిహారం అడగడం వేరు, గీతనే జరపమనడం వేరు. వార్తల్లో ఈ రెండూ కలిపేస్తున్నారు.

ప్రశ్న: మరి ఎలా రాయమంటారు?

జవాబు: కాంటూరు అనే రాయండి. మొదటిసారి వచ్చినచోట మాత్రం ‘సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు, 308 చదరపు కిలోమీటర్లు’ అని పక్కనే పెట్టండి. మూడో కాంటూరు ప్రస్తావన వస్తే 135 కూడా రాయండి.