దర్జీ దగ్గర లేని దర్జు

మొన్న మా పాత రాతి ప్రహరీకి రిపేరు చేయిస్తుంటే మేస్త్రి తన కుర్రాడి మీద అరుస్తున్నాడు, "ముందు దర్జులు గీకు, అర అంగుళమైనా లోపలికి పోవాలె, పైపైన మాలు పూస్తే ఒక్క వానకే ఊడొస్తది" అని. దర్జు అంటే ఇక్కడ రాయికీ రాయికీ మధ్య సందు. అందులో పాత సున్నం గీకేసి, నీళ్లు కొట్టి, ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్ల ఇసుక కలిపిన మాలు తాపీ అంచుతో నొక్కి పూడుస్తారు. ఇంజనీర్లు పాయింటింగ్ అనేది దీన్నే.

ఈ మాట విన్నప్పటి నుంచీ నాకు దర్జీ గుర్తొస్తూనే ఉన్నాడు. ఫారసీలో దర్జ్ అంటే బట్టలో రెండు ముక్కలు కలిసే కుట్టు, అలాగే చీలిక, సందు కూడా. ఆ కుట్టు వేసేవాడు దర్జీ. అంటే గోడ మీద దర్జు, బజార్లో దర్జీ ఒకే ఇంటి వాళ్లు. రెండు ముక్కలు కలిసే చోటు కుట్టూ అవుతుంది, సందూ అవుతుంది, ఎటు నుంచి చూస్తామన్నదే తేడా.

తమాషా ఏంటంటే అసలు కుట్టుపని చేసేవాళ్ల దగ్గర ఈ మాట లేదు. మా టైలర్ని అడిగాను. చొక్కా తిరగేసి భుజం దగ్గర చూపించి దీన్ని దర్జు అనరా అంటే, నవ్వి, "ఇది కుట్టు సార్, లేకపోతే జాయింటు, దర్జు ఏంటి, ఇదేమన్నా గోడా?" అన్నాడు. మనకు కుట్టు అనే సొంత మాట గట్టిగా ఉంది కాబట్టి ఫారసీ మాటకు అక్కడ చోటు దొరకలేదేమో అని నా ఊహ. పేరు మాత్రం దర్జీకి మిగిలింది, సరుకు మేస్త్రికి పోయింది.

దర్జాగా బట్టలు కుడతాడు కాబట్టి దర్జీ అని ఒకరు అన్నారు. వినడానికి బాగుంది గానీ కుదరదండీ. దర్జా అరబ్బీ మాట, మెట్టు, హోదా అని అర్థం, అందులోది మామూలు జ. దర్జీలోది బజారు, జరీ, జమీను మాటల్లో ఫారసీ వాళ్లు పళ్ల సందు నుంచి బుస్సుమనిపించే జ. తెలుగులోకి వచ్చేసరికి రెండూ ఒకే అక్షరంలో కూర్చున్నాయి, అందుకే చుట్టాల్లా కనిపిస్తున్నాయి.

కుట్టుకూ ఇంటికీ ఇంకో లంకె కూడా ఉంది, ఇది పోర్చుగీసు వైపు నుంచి. బొత్తాం వాళ్ల మాటే. అది దూరే కాజా కూడా వాళ్ల కాజా అనే మాటే, అక్కడ దానికి ఇల్లు అని అర్థం, బొత్తాం రంధ్రాన్నీ అదే మాటతో పిలుస్తారు. పైన అరిచిన మేస్త్రి ఉన్నాడే, ఆ 'మేస్త్రి' అనే పేరు కూడా ఆ ఓడలో దిగిందే!

మీ వైపు తాపీ పనివాళ్లు దర్జు అంటారా, దర్జ అంటారా, సందు అనేస్తారా? టైల్స్ వేసేవాళ్లను అడక్కండి, వాళ్లంతా జాయింటే అంటున్నారు.