ఊళ్లో మామూలే, ఘాట్ ఎక్కితే మాత్రం ముల్లు లేస్తోంది

చలి ఆదిలాబాద్:
అందరికీ నమస్కారం. నాది పదేళ్లు దాటిన పెట్రోలు కారు, 1,12,000 కిలోమీటర్లు తిరిగింది. ఊళ్లో ఎంత తిప్పినా టెంపరేచర్ ముల్లు సగం దగ్గర నుంచి కదలదు. నెలకు రెండుసార్లు హైదరాబాద్ వెళ్లివస్తుంటాను. తిరుగు ప్రయాణంలో నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ ఎక్కేసరికి ముల్లు ముప్పావు దాకా లేస్తుంది, ఏసీ దానంతట అదే చల్లదనం తగ్గించేస్తుంది. పైన పది నిమిషాలు ఆపితే మళ్లీ మామూలే. ఇప్పటికి థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే కవాటం) మార్చారు, కూలెంట్ మార్చారు, ఫ్యాన్ రిలే మార్చారు. 9,000 రూపాయలు అయ్యాయి, జబ్బు అలాగే ఉంది. ఇప్పుడు మెకానిక్ హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజిన్‌కూ దాని పైనుండే హెడ్‌కూ మధ్య ఉండే సీలు, పోయిందంటున్నాడు. హెడ్ ఎత్తి ఫేసింగ్ (అడుగు సమంగా చెక్కడం) చేయించాలట, 35,000 అవుతుందట. వారానికి పావు లీటరు కూలెంట్ తగ్గుతున్న మాట నిజమే, కానీ బండి కింద ఒక్క చుక్క కనపడదు. డబ్బు పెట్టే ముందు మీ అనుభవాలు తెలుసుకుందామని రాస్తున్నాను.

షెడ్డు పెద్దాయన:
తమ్ముడూ, తొందరపడి హెడ్ ఎత్తించకు. ఇంజిన్ ఎప్పుడు వేడెక్కుతోంది అన్నదానిలోనే సగం జవాబు ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వేడెక్కి, బండి కదలగానే దిగిందంటే ఫ్యాన్ తిరగడం లేదని. మోటారో, రిలేయో, సెన్సారో చూసుకోవాలి. పొద్దున స్టార్ట్ చేసిన ఐదారు నిమిషాలకే లేచిందంటే థర్మోస్టాట్ మూసుకుని బిగుసుకుపోయిందని, లేదా లోపల నీళ్లే లేవని. ఆగినప్పుడు బాగుండి ఎత్తులో, హైవేలో లేచిందంటే ఇంజిన్ పుట్టించే వేడిని రేడియేటర్ మోయలేకపోతోందని. అది లోపల పూడిపోయి ఉండాలి, బయట మూసుకుపోయి ఉండాలి, లేకపోతే వాటర్ పంపు రెక్కలు తినేసి ఉండాలి. నీది ఈ మూడో రకం. మరి ఫ్యాన్ రిలే ఎందుకు మార్చారో నాకు అంతుపట్టలేదు.

రేపు పొద్దున ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ క్యాప్ తీసి, స్టార్ట్ చేసి లోపలికి చూడు. మొదట్లో రెండు మూడు బుడగలు రావడం మామూలే, చిక్కుకున్న గాలి పోతుంది. ఆగకుండా సోడా పొంగినట్టు వస్తూనే ఉంటే అప్పుడు గ్యాస్కెట్‌ను అనుమానించు. ఆయిల్ గేజీ తీసి చూడు, మజ్జిగలా తెల్లగా ఉందేమో. సైలెన్సర్ నుంచి తీపి వాసనతో తెల్ల పొగ వస్తోందేమో కూడా. ఈ మూడూ లేకుండా 35,000 ఎవరికీ ఇవ్వకు.

తొందర రోడ్డు:
ఇంత తతంగం దేనికండీ. థర్మోస్టాట్ పీకేయించండి. నా పాత బండికి అదే చేశాను, నాలుగేళ్లుగా ముల్లు సగానికి కూడా రాలేదు.

షెడ్డు పెద్దాయన:
ముల్లు సగానికి రాకపోవడం ఆరోగ్యం కాదు నాయనా. ఇంజిన్ 90 డిగ్రీల దగ్గర పనిచేసేలా తయారుచేస్తే నువ్వు చలికాలమంతా 60లో తిప్పుతున్నావు. ఇంకా వేడెక్కలేదనుకుని ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. మైలేజీ ఎంత వస్తోందో కాస్త చెబుతావా?

తొందర రోడ్డు:
మైలేజీ సంగతి అడగకండి.

ఎస్.కోట టీచరమ్మ:
ముల్లు గురించి నేనొక మాట చెప్పాలి. మూడేళ్ల కిందట శృంగవరపుకోట దాటి అరకు ఘాట్ ఎక్కుతున్నాం. అనంతగిరి ఇంకా రాలేదు, ముల్లు ఎర్రగీత తాకింది. నేను ఆపమన్నాను. మా వారేమో “ఇంకో రెండు మలుపులు, అక్కడ టీ కొట్టుంది, కూర్చుని ఆరబెడదాం” అన్నారు. రెండో మలుపు తిరుగుతుండగా ముల్లు ఒక్కసారిగా కిందికి పడిపోయింది. “చూశావా, అదే తగ్గింది” అని ఆయన సంబరం. నాకు మాత్రం బెల్లం పాకం మాడినట్టు వాసన వచ్చింది. మరో అర కిలోమీటరు వెళ్లేసరికి ఇంజిన్ గరగరమని ఆగిపోయింది. బానెట్ ఎత్తితే పై హోస్ పైపు క్లిప్పు దగ్గర చీలి ఉంది, లోపల నీళ్లన్నీ రోడ్డు పాలయ్యాయి. తర్వాత మెకానిక్ చెప్పాడు: సెన్సార్ నీళ్లలో మునిగి ఉంటేనే సరైన వేడి చూపిస్తుందట. నీళ్లు పోయాక అది గాలిలో వేలాడుతూ “చల్లగానే ఉంది” అని చెప్పిందన్నమాట. ఇంజిన్ సీజ్ అయింది. దానికైన ఖర్చు ఇక్కడ రాయను, మా వారు కూడా ఇది చదువుతారు.

అంకెల పిచ్చి:
టీచరుగారి అనుభవానికి తోడు ఇంకొకటి. చాలా కార్లలో ముల్లు నిజం చెప్పదు. సుమారు 75 నుంచి 105 డిగ్రీల దాకా ఎంత మారినా నడుమనే నిలబడేలా చేసి ఉంటారు, నడిపేవాళ్లు కంగారుపడకూడదని. అది కదిలిందంటే అప్పటికే ఆలస్యం అయిందని అర్థం. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు (బండి కంప్యూటర్ అంకెలు చదివే చోటు) బ్లూటూత్ పరికరం తగిలించి ఫోనులో అసలు అంకె చూడండి. మీ ఏసీ దానంతట అది తగ్గడం కూడా జబ్బు కాదు, జాగ్రత్త. వేడి మితిమీరుతోందని ఈసీయూనే కంప్రెషర్‌ను ఆపేస్తోంది.

నల్లగొండ బోరు:
కూలెంట్ తగ్గినప్పుడల్లా ఏం పోస్తున్నారో చెప్పలేదు. నేను రెండేళ్లు ఇంటి బోరు నీళ్లే పోశాను. టీ గిన్నె అడుగున పట్టే తెల్ల పొర ఉంటుంది చూడండి, సరిగ్గా అదే రేడియేటర్ గొట్టాల్లో పట్టింది. పాతదాన్ని మెకానిక్ కోసి చూపించాడు. గొట్టాల్లో సగం సుద్దముక్కల్లా మూసుకుపోయి ఉన్నాయి. ఇత్తడి రేడియేటర్ల కాలంలో పై ట్యాంకు విప్పి కమ్మీ దూర్చి గీకేవాళ్లు. ఇప్పటి అల్యూమినియం, ప్లాస్టిక్ వాటికి ఆ వైద్యం లేదు, మార్చడమే. కూలెంట్‌లో నీళ్లు కలపాల్సి వస్తే బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటరే పోయండి.

ఇంకొకటి, ఆకుపచ్చదానిలో నారింజ రంగుది కలిపి పోయకండి. రకాలు పడకపోతే లోపల జిగురులా గడ్డకడుతుంది. పైగా రంగు కంపెనీ ఇష్టం, రంగును బట్టి రకం తేల్చలేం. డబ్బా మీద రాసింది చదవాల్సిందే.

అంబాసిడర్ రోజులు:
మీ మాటలు వింటే మా నాన్నగారి బండి గుర్తొస్తోంది. డిక్కీలో ఎప్పుడూ నీళ్ల క్యాను, గోనెసంచి ముక్క ఉండేవి. గోనె రేడియేటర్‌కు అనుకునేవాళ్లం, కాదు. ఎండలో ఇంజిన్‌కు పెట్రోలు అందించే పంపులోనే పెట్రోలు ఆవిరై బండి ఆగిపోయేది. తడిపిన గోనె దాని మీద చుడితే పావుగంటలో కదిలేది. శ్రీశైలం వెళ్లినప్పుడల్లా దారిలో కనీసం రెండుసార్లు ఈ అభిషేకం తప్పేది కాదు. ఒకసారి మా చిన్నాన్న వేడిమీద ఉన్న క్యాప్ తిప్పాడు. పై దాకా లేచిన ఆ నీళ్ల ధార ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. మోచేతి దాకా కాలింది. తువ్వాలు అడ్డం పెట్టుకుంటే చాలనుకుంటారు, చాలదు. పై పైపును చేత్తో నొక్కగలిగేంత చల్లబడే దాకా క్యాప్ జోలికి వెళ్లకండి.

కడప నుంచి కువైట్:
నేనిక్కడ పదకొండేళ్లుగా డ్రైవరును. 2016 జూలైలో మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైన దేశం ఇది. మా యజమాని ఇంట్లో నాలుగు బండ్లు ఉన్నాయి, ఇప్పటిదాకా ఒక్కటీ దారిలో ఆగలేదు. నేను చేసేదల్లా రెండే పనులు. ఒకటి, నీళ్లు, కూలెంట్ సగం సగం. రెండోది, నెలకొకసారి రేడియేటర్ ముందున్న దుమ్ము కడగడం.

ముందు ఏసీ కండెన్సర్ ఉంటుంది, దాని వెనక రేడియేటర్. రెండింటి మధ్య సందు వేలు దూరేంత కూడా ఉండదు. ముందు నుంచి టార్చి వేస్తే కండెన్సర్ అద్దంలా కనపడుతుంది, చెత్తంతా ఆ సందులో పేరుకుని ఉంటుంది. కడిగేటప్పుడు కూడా ముందు నుంచి కొడితే ఇంకా లోపలికి దిగబడుతుంది. ఇంజిన్ వైపు నుంచి ముందుకు, నీళ్ల జోరు తక్కువగా పెట్టి కడగాలి. జోరు పెంచితే రేకులు వంగిపోతాయి.

ఆదిలాబాద్ అన్నా, ఒక ప్రశ్న. బండి పగలంతా ఎక్కడ నిలబెడతారు?

చలి ఆదిలాబాద్:
అందరికీ జవాబులు. పొద్దున చూశాను, బుడగలు ఆగిపోయాయి. ఆయిల్ శుభ్రంగా ఉంది, పొగ లేదు. పోసేది మంచినీళ్ల డబ్బా నీళ్లే, బోరువి కావు. బండి నిలబెట్టేది మా ఆఫీసు పక్కన, జిన్నింగ్ మిల్లు ప్రహరీ గోడ నీడలో. ఎందుకు అడిగారు?

కడప నుంచి కువైట్:
ఎందుకో మీకే తెలిసిపోయినట్టుంది.

షెడ్డు పెద్దాయన:
భలే అడిగావయ్యా! నేను అడగాల్సిన ప్రశ్న. వరంగల్‌లో షెడ్డు నడిపిన రోజుల్లో పత్తి సీజన్ వచ్చిందంటే లారీల రేడియేటర్ల నుంచి దూది తీయడమే మాకు పని. తమ్ముడూ, అది చూపించుకో. ఆ కూలెంట్ తగ్గుదల మాత్రం దూదితో పోదు, అది వేరే. రాత్రి ఆపాక, రేడియేటర్‌కు పైపుతో కలిపి ఉండే కూలెంట్ డబ్బాలో మట్టం ఎక్కడుందో, పొద్దున ఎక్కడుందో గీత గీసి చూడు.

చలి ఆదిలాబాద్:
ఆదివారం ముందు బంపర్ విప్పించాను. మెకానిక్ మొదట ముందు నుంచి చూసి “శుభ్రంగానే ఉంది కదా సార్” అన్నాడు. కండెన్సర్ బోల్టులు వదులు చేసి ముందుకు వంచాడు. ఇద్దరం నోరు తెరిచాం. రేడియేటర్ కింది సగం నిండా దూది, దుమ్ముతో కలిసి నల్లగా గట్టిపడి, పాత పరుపు లోపలి దూదిలా ఉంది. వేలితో లాగితే చాపలా లేచి వచ్చింది. అందులో రెండు పత్తి గింజలు కూడా దొరికాయి. ఇంజిన్ వైపు నుంచి మెల్లగా కడిగితే ముప్పావు గంట పట్టింది.

డబ్బా సంగతి. రాత్రి ఆపినప్పుడు మట్టం పై గీత దాటి ఉంది. చల్లబడితే రేడియేటర్ దాన్ని వెనక్కి పీల్చుకోవాలి కదా, పొద్దున కూడా కదలలేదు. క్యాప్ తీస్తే రేడియేటర్‌లో నీళ్లు రెండు వేళ్లు కిందికి ఉన్నాయి, పై పైపు నొక్కుకుపోయినట్టు ఉంది.

షెడ్డు పెద్దాయన:
అయితే క్యాప్. అందులో రెండు కవాటాలు ఉంటాయి. ఒకటి ఒత్తిడి పెరిగితే నీళ్లను డబ్బాలోకి వదులుతుంది, రెండోది చల్లబడ్డాక వెనక్కి రానిస్తుంది. నీదానిలో రెండోది బిగుసుకుంది. డబ్బా నిండిపోయి మిగిలింది రోడ్డు మీద పోతోంది, కాబట్టే ఇంటి దగ్గర చుక్క కనపడలేదు. మొదటి కవాటం స్ప్రింగు కూడా అలిసిపోయి ఉండవచ్చు. మామూలుగా 100 డిగ్రీలకు మరిగే నీళ్లను దాదాపు 120 దాకా మరగకుండా ఆపేది ఆ క్యాప్ ఒత్తిడే. పాతదాని మీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటుంది. కొత్తది అదే అంకెతో తీసుకో. ఎక్కువ అంకెది పెడితే మంచిదనుకుని పైపులు పగలగొట్టుకోకు.

అంకెల పిచ్చి:
ఓబీడీ అంకెలు మర్చిపోకండి!

చలి ఆదిలాబాద్:
మర్చిపోలేదు. కడగకముందు ఘాట్ మీద ఏసీ వేసి ఎక్కితే 109 చూపింది. నిన్న కొత్త క్యాప్‌తో ఎక్కాను, అంతే ఎండ, అదే దారి, ఏసీతో సహా. పైకి చేరేసరికి 97. దిగేటప్పుడు 90. ఏసీ ఒక్కసారీ ఆగలేదు. ఖర్చు కడగడానికి 600, క్యాప్ 250. కూలెంట్ మట్టం నాలుగు రోజులుగా గీత దగ్గరే ఉంది, నెల రోజులు చూసి మళ్లీ రాస్తాను.

బండి ఇప్పుడు గేటు అవతల వేపచెట్టు కింద పెడుతున్నాను. మిల్లు గోడ నీడ ఖాళీ అయిందని మా మేనేజరు గారు తన కొత్త కారు తెచ్చి అక్కడ పెట్టారు. చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నాను.