జూలై 4: అల్లూరి జయంతి సరే, ఆ రోజు మనవాళ్ళవి ఇంకేమున్నాయి?

చార్లెట్_సుధ:

అందరికీ నమస్కారం. మాది నర్సీపట్నం, ఇప్పుడు ఉండేది నార్త్ కరోలినాలో. ఇక్కడ మేం కొందరం కలిసి ఆదివారాలు పిల్లలకి తెలుగు బడి నడుపుతున్నాం. ఈసారి జూలై 4 సెలవుకి పిల్లలతో అరగంట కార్యక్రమం చేయించాలని ఉంది. అమెరికా స్వాతంత్ర్యం సంగతి వాళ్ళకి బళ్ళో ఎలాగూ చెప్తారు. అదే తేదీన అల్లూరి సీతారామరాజు గారు పుట్టారన్నది నాకు ఊహ తెలిసినప్పటి నుంచి తెలుసు. కృష్ణదేవిపేటలో ఆయన సమాధి మా ఊరికి దగ్గరే. పింగళి వెంకయ్య గారు 1963లో పోయింది కూడా జూలై 4నే.

ఇంకా ఏమైనా ఉన్నాయా? తారీకుల జాబితా అయితే నెట్‌లో బోలెడు దొరుకుతుంది, అది వద్దు. మేరీ క్యూరీ పోయారు, ఇంకెవరో పుట్టారు అని చదివిస్తే పిల్లలు గుమ్మం దాటేసరికి మర్చిపోతారు. ఒకదాని పక్కన ఒకటి పెడితే పిల్లలకి ఏదో తోచేలా ఉండాలి. ఎనిమిదేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ వాళ్ళు ఉన్నారు.

రఘు_ఎడిసన్:

సుధ గారూ, అమెరికా వైపు నుంచి ఒకటి తప్పకుండా చెప్పించండి. స్వాతంత్ర్య ప్రకటన రాసిన థామస్ జెఫర్సన్, దాని కోసం సభలో గట్టిగా వాదించిన జాన్ ఆడమ్స్, ఇద్దరూ 1826 జూలై 4న పోయారు. ఆ ప్రకటనకి సరిగ్గా యాభై ఏళ్ళు నిండిన రోజు. జెఫర్సన్ మధ్యాహ్నం, ఆడమ్స్ సాయంత్రం. ఐదేళ్ళ తర్వాత 1831లో జేమ్స్ మన్రో కూడా అదే తేదీన పోయారు. మొదటి ఐదుగురు అధ్యక్షుల్లో ముగ్గురన్నమాట.

పెద్ద పిల్లలకి ఇంకో సంగతి. సభ స్వాతంత్ర్యానికి ఓటు వేసింది జూలై 2న. రాబోయే తరాల వాళ్ళు జూలై 2నే పండగ చేసుకుంటారని ఆడమ్స్ భార్యకి ఉత్తరం కూడా రాశాడు. ప్రకటన పాఠాన్ని ఆమోదించింది 4న, కాగితం మీద ఆ తేదీ పడింది, పండగ దానికి దక్కింది.

మనవాళ్ళ వైపు నుంచి వివేకానందుడిది కూడా ఉంది: 1898లో కాశ్మీర్‌లో అమెరికన్ శిష్యులతో ఉన్నప్పుడు ఆయన ఈ జూలై 4 కోసమే ఇంగ్లిష్‌లో ఒక కవిత రాశారు. పొద్దున ఫలహారం వేళ అక్కడ చదివారు. సరిగ్గా నాలుగేళ్ళకి, 1902లో, అదే తేదీన బేలూరు మఠంలో పోయారు. అప్పటికి ఆయనకి 39 ఏళ్ళు.

జనగామ_సోషల్‌సార్:

సుధమ్మా, నేను జనగామ తాలూకా బళ్ళల్ల సోషల్ చెప్పి రిటైరైనోణ్ణి. మా దిక్కు జూలై 4 అంటే ముందుగాల యాదికొచ్చే పేరు దొడ్డి కొమరయ్య. ఆ పేరు ఇప్పటిదాంక ఈడ ఎవ్వరు రాయలేదు. అందుకే రాస్తున్న, కొంచెం పొడుగైతది.

కడవెండి ఇయ్యాల జనగామ జిల్లా దేవరుప్పుల మండలంల ఉన్నది. అప్పుడు నల్లగొండ జిల్లా, జనగామ తాలూకా, నిజాం రాజ్యం. ఆ ఊరు విసునూరు దేశ్‌ముఖ్, అంటే పెద్ద జమీందారు, రామచంద్రారెడ్డి చేతికింద ఉండె. ఆయనకు 40,000 ఎకరాలని పోరాట చరిత్రలల్ల రాసిన్రు. కడవెండి గడీల, అంటే కోటసొంటి దొర ఇంట్ల, ఆయన తల్లి, జానకమ్మ దొరసాని, కూసుండి పెత్తనం చేసేది. ఆమె పేరు చెప్తే ఇప్పటికీ ముసలోళ్ళ గొంతు మారుతది.

వెట్టి అంటే ఏందో పిల్లలకు చెప్పుండ్రి. చాకలి బట్టలు ఉతకాలె, కుమ్మరి కుండలు చేసియ్యాలె, మాదిగ చెప్పులు కుట్టియ్యాలె, కురుమలు గొర్రెను తోలియ్యాలె. దేనికీ పైస లేదు. దొర బండి పోతుంటె దాని ముందట మనిషి ఉరకాలె. పంట చేతికొస్తె సర్కారు వసూలు చేసే లెవీ కింద ధాన్యం కొలువాలె. కాదంటే గడీల కట్టేసి కొట్టుడే. ఇది తాతముత్తాతల కాలం ముచ్చట గాదు, మా నాయిన చూసిన ముచ్చట.

నిజాం రాజ్యంల తెలుగోళ్ళు పెట్టుకున్న ఆంధ్ర మహాసభను మా ఊళ్ళల్ల "సంగం" అనేటోళ్ళు. 1944ల భువనగిరిల రావి నారాయణరెడ్డి అధ్యక్షుడైనంక సంగం పల్లెలకు బాగ పాకింది. కొమరయ్య, ఆయన అన్న మల్లయ్య, గొర్లు కాసుకునే కురుమోళ్ళ ఇంటి పిల్లలు, సంగంల చేరిన్రు. 1946 జూలై 4నాడు కడవెండిల సంగపోళ్ళు కట్టెలు, వడిసెలలు పట్టుకొని నినాదాలు ఇచ్చుకుంట ఊరేగింపు తీసిన్రు. గడీ దగ్గరికి రాంగనె దొర గూండాలు తుపాకులు కాల్చిన్రు. కొమరయ్య ఆడనే కూలిపోయిండు. మల్లయ్యకు గాయమైంది.

ఆ తూటతోని జనం ఇండ్లల్లకు ఉరుకుతరని దొరలు అనుకున్నరు. జనం ఉరకలే. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జమైన్రు, గడీని చుట్టుముట్టిన్రు. అంతకుముందు సంగం అర్జీలు పెట్టుడు, కోర్టుకు పోవుడు, పాలకుర్తి ఐలమ్మ పంటను కాపాడినట్టు గుతుపలు (దుడ్డుకర్రలు) పట్టుకొని నిలబడుడు, ఇంతవరకే. కొమరయ్య పోయినంక అది సాయుధ పోరాటం దిక్కు మర్లింది, 1951 అక్టోబర్ దాంక నడిచింది. ఈ ఒక్క చావు మీద అంత కథ నిలబడి ఉన్నది తల్లీ. అమెరికాల పెరిగే తెలుగు పిల్లలకు ఆ పేరు తెల్వకపోతె నాకు మస్తు బాధైతది.

నువ్వు అడిగిన అతుకు ఇగ చెప్త. రఘు సారు చెప్పిన ఆడమ్స్‌కు అల్లూరికి మధ్యల డెబ్బై ఏండ్లున్నయి, తారీకే ఒక్కటి. కొమరయ్య చచ్చిపోయిన ఆ గురువారం నాడే, అదే దినం, మనీలాల లునేటా మైదానంల అమెరికా జెండా దించి ఫిలిప్పీన్స్ జెండా ఎగరేసిన్రు. అది ఊరికెనే కలిసిన తారీకు గాదు. 1934ల అమెరికా కాంగ్రెసు చేసిన చట్టంలనే, పదేండ్ల గడువు అయినంక వచ్చే జూలై 4నాడు స్వాతంత్ర్యం ఇస్తమని రాసుకున్నరు. వాళ్ళ పండుగ దినాన్నే వీళ్ళకు ఇచ్చిన్రు.

ఇంకో మాట, పెద్ద పిల్లలకు. కడవెండిల ఆ పొద్దు తాసీల్ కాగితం రాసుంటే దాని మీద 1946 అని ఉండదు. నిజాం సర్కారు లెక్క ఫసలీ, ఆ ఏడు 1355. తారీకులు కలిసినయి అనేటప్పుడు ఎవరి క్యాలెండరు ప్రకారం అని ఒకసారి అడుగుమను.

దవావ్_మెడికో:

సార్, నేను ఫిలిప్పీన్స్‌లో ఎంబీబీఎస్ చదువుతున్నా, మాది ఖమ్మం. ఇక్కడ మనవాళ్ళు చాలామందిమి ఉన్నాం. మీరు చెప్పింది చదివి మా క్లాసులో ఇక్కడి అమ్మాయిని అడిగా. ఇప్పుడు ఇక్కడ స్వాతంత్ర్య దినం జూలై 4 కాదండీ, జూన్ 12. 1898 జూన్ 12న స్పెయిన్ నుంచి స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు కదా, ఆ రోజుకి మార్చేశారు. 1962లో మకపగాల్ అనే ప్రెసిడెంట్ మార్చారట. "వేరేవాళ్ళు ఇచ్చిన రోజు మాకెందుకు, మేం ప్రకటించుకున్న రోజు ఉండగా" అంది. జూలై 4ని ఫిలిప్పీన్స్-అమెరికా స్నేహ దినంగా ఉంచారు. కొమరయ్య గారి గురించి స్కూల్లో ఒక పేరా చదివా గానీ రెండూ ఒకే రోజని ఎవరూ చెప్పలేదు.

గోదారి_వర్మ:

సుధ గారూ, మాది భీమవరం దగ్గర. రాజు గారి సొంతూరు మోగల్లు, పుట్టింది తల్లి గారి ఊరు పాండ్రంగిలో. పుట్టిన సంవత్సరం 1897 అని కొందరు, 1898 అని కొందరు రాస్తారు. 2022 జూలై 4న భీమవరంలో 30 అడుగుల కంచు విగ్రహం పెట్టి 125వ జయంతి చేసింది 1897 లెక్కన. ఆ రోజు ఊళ్ళో జనాన్ని చూసి మా అమ్మ ఏడ్చేసింది.

పిల్లలకి 1922 ఆగస్టు మూడు రోజులు చెప్పించండి చాలు. 22న చింతపల్లి పోలీసు స్టేషన్, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు స్టేషన్ల నుంచి తుపాకులు తీసుకున్నారు. చాటుమాటుగా కాదు. ఏమేం తీసుకెళ్ళారో స్టేషన్ పుస్తకంలో రాసి సంతకం పెట్టి మరీ వెళ్ళారు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర పట్టుకుని, విచారణ అన్నదే లేకుండా కాల్చేశారు. అప్పటికి ముప్పై ఏళ్ళు కూడా లేవు.

పింగళి వారి గురించి అయితే 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో గాంధీజీకి జెండా చూపించిన ఘట్టం బావుంటుంది. పిల్లల చేత జెండా గీయించవచ్చు కూడా.

మాస్టారికి ఒక మాట, కోపం లేకుండా. కొమరయ్య గారి త్యాగం గొప్పదే, కాదనను. కానీ ఆయనది ఊళ్ళో దొర మీద పోరాటం, రాజు గారిది బ్రిటిష్ సామ్రాజ్యం మీద. తారీకు ఒకటైందని ఇద్దరినీ ఒక గాటన కట్టడం సబబేనా? మన్యంలో పితూరీ, అంటే ఆ తిరుగుబాటు, ఎందుకొచ్చింది? 1882 అటవీ చట్టం పోడు కొట్టుకోనివ్వలేదు. గూడెం డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ రోడ్డు పనికి మన్యం జనాన్ని తోలుకొచ్చి చాలీచాలని కూలి పడేసి చాకిరీ చేయించాడు. తిరగబడితే కొరడా. ఆ కథ వేరు.

జనగామ_సోషల్‌సార్:

వర్మ గారూ, మంచిగ అడిగిన్రు. మీ ప్రశ్నకు జవాబు మీరు రాసిన ఆఖరి నాలుగు మాటలల్లనే ఉన్నది. బాస్టియన్ మన్యపోళ్ళతోని చేయించింది ఏంది? పేరుకే కూలి, అసలుకు వెట్టి. కడవెండిల జానకమ్మ చేయించుకున్నది ఏంది? అదే వెట్టి. ఆడ కొరడా, ఈడ కొరడా. బాస్టియన్ ఎనుక మద్రాసు సర్కారు ఉండె, విసునూరు దొర ఎనుక నిజాం పోలీసు ఉండె. రాజు సామ్రాజ్యం మీద కొట్లాడిండు, ఒప్పుకుంట. గాం గంటందొర, గాం మల్లుదొర ఆయన ఎంబడి ఎందుకు నడిచిన్రు? లండన్‌ల ఉన్న రాజు వాళ్ళకు కనవడడు. కనవడేది బాస్టియన్. కడవెండి కురుమ పిల్లగానికి గూడ కనవడేది గడీయే.

తేడాలు లేవని నేను అంటలేను. సీతారామరాజు చదువుకున్నోడు, మైదానం నుంచి మన్యంలకు పోయి అక్కడి జనంల ఒకడైండు. కొమరయ్య ఆ ఊరోడే, ఆ మట్టిలనే పుట్టి అండ్లనే పడ్డడు. రాజుకు విగ్రహాలున్నయి, సినిమాలున్నయి, ఇప్పుడు పాడేరు కేంద్రంగ జిల్లా గూడ ఉన్నది. ఉండాలె. కొమరయ్య పేరు మాత్రం కృష్ణా నది దాటితె చానమందికి తెల్వది. ఇద్దరి పేర్లు ఒక్క తారీకు కింద పడ్డయి కాబట్టి ఒకాయన కోసం వచ్చిన జనానికి ఇంకొకాయన గురించి చెప్పే సందు దొరుకుతది. ఆ సందును నేను ఇడిచిపెట్ట.

దవావ్ బిడ్డా, మీ దోస్తు మంచి మాట చెప్పింది. ఆమెను ఇంకొకటి అడుగు, మధ్య లూజాన్ రైతుల గురించి. ఆ 1946లనే అక్కడ గూడ కౌలు రైతులు భూస్వాముల మీద తిరగబడ్డరు, హుక్ ఉద్యమం అంటరు. వాళ్ళ నాయకుడు లూయిస్ తరుక్ ఎన్నికల గెలిచిండు, గెలిచినా అక్కడి కాంగ్రెసుల, అంటే వాళ్ళ పార్లమెంటుల, కూసోనియ్యలేదు. ఆయన 1954ల లొంగిపోయిండు. జెండా మారిన దేశంల, జెండా మారని రాజ్యంల, రైతుకు ఒకే కాలంల ఒకే తీరు గోస. బళ్ళె నేను దీన్ని పటం మీద రెండు వేళ్ళు పెట్టి చెప్పేటోణ్ణి, ఒకటి జనగామ మీద, ఒకటి మనీలా మీద.

చార్లెట్_సుధ:

సార్, వర్మ గారూ, రఘు గారూ, తమ్ముడూ, అందరికీ ధన్యవాదాలు. నాకు కావలసింది ఇదే. వెట్టి అన్న దారం పట్టుకుని కృష్ణదేవిపేట, కడవెండి, మనీలా మూడూ చెప్పిస్తాను. మొదట్లో ఆడమ్స్ ఉత్తరం, చివర్లో పిల్లలు గీసిన జెండాలు. సార్, ఒక్క సందేహం. ఎనిమిదేళ్ళ పిల్లలు కూడా ఉన్నారు. కాల్పులు, చావు వాళ్ళకి ఎలా చెప్పాలి? ఇక్కడ తల్లిదండ్రులు కొంచెం జంకుతారు.

జనగామ_సోషల్‌సార్:

చావుతోని మొదలువెట్టకు బిడ్డా, పనితోని మొదలువెట్టు. నేను ఆరో తరగతికి చెప్పేటప్పుడు ఒక పిల్లగాన్ని లేపి అందరి సంచులు మోయుమనేటోణ్ణి. నీళ్ళు తెమ్మని ఒకసారి, బోర్డు తుడువుమని ఒకసారి, చేసినంక శభాష్ గూడ అనకపోతుంటి. కొంచెంసేపు అయినంక వాడే అడుగుతడు, "సార్, నేనే ఎందుకు చెయ్యాలె?" అని. అప్పుడు కొమరయ్య కథ మొదలువెడుతుంటి. ఆ పిల్లగాడు అడిగిన మాటనే కడవెండిల ఊరంత కలిసి అడిగింది. సంచులు మోసినోనికి అయిపోయినంక అందరితోని చప్పట్లు కొట్టియ్యి, మర్చిపోకు, లేకపోతె చిన్నబోతడు.

చిన్నపిల్లలకు "కొమరయ్యను కాల్చిన్రు, ఆయన చనిపోయిండు" అని ఒక్క మాటల చెప్పు, రక్తం ముచ్చట అక్కర్లే. దాయకు గని సాగదియ్యకు. ఎనిమిదేండ్లోళ్ళకు అన్యాయం మనకన్న తొందరగ అర్థమైతది. పేరు మాత్రం పూర్తిగ పలికియ్యి, దొడ్డి కొమరయ్య, ఊరు కడవెండి. అల్లూరి పాత్ర ఏసే పిల్లగాడు ఒక్కడే నిలబడితె బాగుండదు, పక్కన గంటందొర, మల్లుదొర ఉండాలె.

అరగంట సాలకపోతె జెఫర్సన్, ఆడమ్స్‌ది తీసెయ్. అది వాళ్ళకు అక్కడి బళ్ళె చెప్తరు.