రెండడుగుల ట్యాంకుకి ఏ ఫిల్టర్ మంచిది? ఒక్కో షాపులో ఒక్కో మాట చెబుతున్నారు

పెరంబూరు అమ్మ:

నమస్కారం అండీ. మాది నెల్లూరు, ఆరేళ్లుగా చెన్నైలో పెరంబూరులో ఉంటున్నాం. మా పాపకి ఎనిమిదేళ్లు, ఏడాది నుంచి చేపలు కావాలని ఒకటే అడుగుతోంది, పరీక్షలయ్యాక కొంటానని మాటిచ్చాను. పోయిన ఆదివారం కొళత్తూరు వెళ్లి ట్యాంకు తెచ్చాం, పొడవు రెండడుగులు, వెడల్పు, ఎత్తు ఒక్కో అడుగు. చేపలు ఇంకా తేలేదు, ఫిల్టర్ దగ్గరే ఆగిపోయాం.

మొదటి షాపులో లోపల గాజుకి అతికించే మోటార్ ఫిల్టర్ చూపించారు. డబ్బా మీద గంటకి 880 లీటర్లు అని ఉంది, ఎంత ఎక్కువ లాగితే నీళ్లు అంత క్లియర్‌గా ఉంటాయన్నారు. పక్క షాపులో ట్యాంకు అంచుకి బయట తగిలించేదే మంచిదన్నారు, నీళ్లు జలపాతంలా పడతాయి, చూడటానికీ బాగుంది. మూడో చోట ఒక పెద్దాయన మాత్రం ఇవేమీ వద్దమ్మా, నల్ల స్పాంజి ఒకటి, ఎయిర్ పంపు ఒకటి తీసుకెళ్లు చాలు అన్నారు. అన్నిటికంటే చవకైనది అదే, అందుకే నాకు నమ్మకం కుదరలేదు.

పాప గప్పీలనే చిన్న చేపలు, రెండు గోల్డ్‌ఫిష్‌లు అడుగుతోంది. మాకు మెట్రో వాటర్, అంటే ఊరి కొళాయి నీళ్లు వస్తాయి, చాలని రోజు బోరు నీళ్లు. అందరం హాల్లోనే పడుకుంటాం కాబట్టి మోత ఎక్కువ ఉండకూడదు. కరెంటు పోతే ఏం చేయాలన్నది ఇంకో టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి, చేపలు చనిపోతే మా పాప తట్టుకోలేదు.

గప్పీల ఇల్లు, విల్లివాక్కం:

అక్కా, ఆ పెద్దాయన మాట వినండి. నేను పదకొండేళ్లుగా పెంచుతున్నాను, ఇప్పుడు ఇంట్లో ఏడు ట్యాంకులున్నాయి, ఆరింటిలో స్పాంజి ఫిల్టరే.

ముందు ఒక్క విషయం చెప్పాలి, ఇది అర్థమైతే ఏ షాపువాళ్లు ఏం చెప్పినా మీరే తేల్చుకోగలరు. ఫిల్టర్ అంటే మురికి పట్టే జల్లెడ అనుకుంటాం, కానీ దాని అసలు పని అది కాదు. చేప వదిలే వ్యర్థం, మిగిలిపోయిన మేత కుళ్లి అమ్మోనియా అవుతుంది. అది కంటికి కనబడదు, నీళ్లు అద్దంలా మెరుస్తున్నా చేపల మొప్పలు కాలిపోతుంటాయి. ఆ అమ్మోనియాని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది, దానితో చేపలకి అంత ప్రమాదం లేదు, నీళ్లు మార్చినప్పుడు పోతుంది. ఈ బ్యాక్టీరియా కాపురం ఉండేది స్పాంజి చిల్లుల్లోనే. అంటే మీరు కొనేది ఆ బ్యాక్టీరియాకి ఇల్లు.

ఇక లెక్క. మీ ట్యాంకు అంచుదాకా నింపితే 56 లీటర్లు పడుతుంది, గులకరాళ్లు వేసి పైన కాస్త ఖాళీ వదిలితే 45 అటూ ఇటూ. గంటకి దానికి నాలుగైదు రెట్లు నీళ్లు తిరిగితే చాలంటారు, అంటే 200 లీటర్ల పైన కొంచెం. 880 లీటర్లది పెడితే గప్పీలు రోజంతా ఎదురీదుతూనే ఉండాలి, తోక పెద్దదైన మగ గప్పీలైతే రెండు రోజులకే అలసిపోతాయి. గప్పీలు నెలకోసారి పిల్లల్ని పెడతాయి, ఆ పిల్లలు మోటార్ లాగే చోట ఇరుక్కుని చచ్చిపోతాయి. స్పాంజిలో ఆ భయం లేదు, పిల్లలు దాని మీదే తిరుగుతూ తింటుంటాయి.

మన ఊరి ఎండలు కూడా చూడాలి. నీళ్లు ఎంత వేడెక్కితే వాటిలో ప్రాణవాయువు అంత తక్కువ నిలుస్తుంది. మే నెలలో మా ట్యాంకు 32 డిగ్రీలు దాటుతుంది. ఎయిర్ పంపు గాలి స్పాంజి నుంచి బుడగలుగా పైకొస్తూ నీళ్లని స్పాంజిలోంచి లాగుతుంది, ఆ బుడగలే నీటి పైభాగాన్ని కదుపుతూ ఉంటే గాలి కలుస్తుంది, ఒకే పంపుతో రెండు పనులు.

ఇంకొకటి, నా మొదటి ట్యాంకు సంగతి. స్పాంజిని వారానికోసారి కొళాయి కింద బాగా కడగమని షాపులో చెప్పారు, నేను అలాగే మురికంతా పోయేదాకా పిండి పెట్టాను. మూడో రోజు పొద్దున చూస్తే చేపలన్నీ పైకొచ్చి నోరు తెరుస్తున్నాయి, సాయంత్రానికి తొమ్మిది పోయాయి. కొళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, అది బ్యాక్టీరియాని చంపేసింది, ట్యాంకులో అమ్మోనియా పెరిగిపోయింది. ఆ తొమ్మిది చేపలు ఇప్పటికీ గుర్తొస్తాయి. కాబట్టి నీళ్లు మార్చేటప్పుడు ట్యాంకులోంచి తీసిన నీళ్లనే ఒక మగ్గులో పోసుకుని స్పాంజిని అందులో నాలుగుసార్లు పిండండి, అంతే. నల్లగా ఉన్నా పర్వాలేదు.

గోల్డ్‌ఫిష్‌లు మాత్రం ఈ ట్యాంకులో వద్దక్కా. అవి చాలా పెరుగుతాయి, వ్యర్థం విపరీతంగా వదులుతాయి, ఏ ఫిల్టర్ పెట్టినా 45 లీటర్లు వాటికి చాలవు. గప్పీలు కూడా వాటి నోటికి సరిపోతాయి.

అడయారు:

అన్నతో కొంచెం విభేదిస్తాను. హాల్లో పడుకుంటాం అన్నారు కదా, ఎయిర్ పంపు మోత రాత్రిపూట బాగా వినబడుతుంది, కొన్ని చవక పంపులు టేబుల్ మీద పెడితే టేబులంతా గుయ్యిమంటుంది. నేను అంచుకి తగిలించేది మూడేళ్లుగా వాడుతున్నాను, చిన్న సైజుది, నీటి జోరు తగ్గించుకునే మీట ఉంది, లాగే గొట్టానికి చిన్న స్పాంజి తొడిగాను, పిల్లలు ఇరుక్కోవు. శుభ్రం చేయడం సులువు, నీళ్లలో చేయి పెట్టక్కర్లేదు. అందులో కార్బన్ సంచి ఇస్తారు, నెలకోసారి మార్చమంటారు, అది లేకపోయినా నష్టం లేదు, ఆ చోట ఇంకో స్పాంజి ముక్క, బ్యాక్టీరియా ఉండే సిరామిక్ రింగులు పెట్టుకోండి.

దీనితో ఒక్క ఇబ్బంది. ఎండాకాలం నీళ్లు త్వరగా ఆవిరవుతాయి, మట్టం తగ్గితే ముందు చప్పుడు పెరుగుతుంది, తర్వాత మోటార్ నీళ్లు లేకుండా తిరిగి కాలిపోతుంది. రెండు మూడు రోజులకోసారి నీళ్లు పోస్తూ ఉండాలి.

గప్పీల ఇల్లు, విల్లివాక్కం:

మోత సంగతి నిజమే తమ్ముడూ, ఒప్పుకుంటాను. పంపు కింద మడతపెట్టిన పాత టవల్ గానీ మందపాటి స్పాంజి ముక్క గానీ పెడితే చాలా తగ్గుతుంది. కొనేటప్పుడు షాపులోనే ఆన్ చేయించి చెవి దగ్గర పెట్టుకుని వినండి అక్కా.

పెరంబూరు అమ్మ:

చాలా థాంక్స్ అండీ, అమ్మోనియా సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. గోల్డ్‌ఫిష్ వద్దని పాపని ఒప్పించాను, గప్పీలు పిల్లల్ని పెడతాయి అనగానే గోల్డ్‌ఫిష్ తనే వద్దంది. స్పాంజి తీసుకుంటాను. ఫిల్టర్ పెట్టిన రోజే చేపలు వేయొచ్చా? కరెంటు గురించి కూడా ఎవరైనా చెప్పండి.

వేళచ్చేరి వాసి:

అదే రోజు వేయకండమ్మా. బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఖాళీ ట్యాంకులో ఫిల్టర్ నడుపుతూ రోజూ చిటికెడు మేత వేస్తూ ఉండండి, అది కుళ్లితేనే బ్యాక్టీరియాకి ఆహారం. టెస్ట్ కిట్‌తో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చాకే నాలుగైదు గప్పీలతో మొదలుపెట్టండి. తెలిసినవాళ్ల ఆరోగ్యమైన ట్యాంకులోంచి పాత స్పాంజి పిండిన నీళ్లు ఓ మగ్గు తెచ్చి పోస్తే ఇంకా త్వరగా అవుతుంది. మెట్రో నీళ్లు పోసే ప్రతిసారీ యాంటీ క్లోరిన్ చుక్కలు వేయాలి.

కరెంటు విషయం. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు మా వీధిలో రెండు రోజులు పైనే కరెంటు లేదు, ఇంట్లోకి నీళ్లు వచ్చాయి, మేం ట్యాంకుని మంచం మీదకెక్కించి కూర్చున్నాం. అప్పుడు బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపే కాపాడింది, దాని గొట్టాన్ని అదే స్పాంజికి తగిలించాను. పవర్ బ్యాంకుతో నడిచేవీ దొరుకుతున్నాయి. ఇన్వర్టర్ ఉంటే ఇంకా మంచిది, చిన్న ఎయిర్ పంపు మూడు నుంచి ఐదు వాట్లే తీసుకుంటుంది. కరెంటు లేనప్పుడు మేత వేయకండి, రెండు మూడు రోజులు తినకపోయినా గప్పీలకి ఏమీ కాదు, వేస్తేనే నీళ్లు పాడవుతాయి.

ముఖ్యమైనది ఇంకొకటి. పంపుని నీటి మట్టం కంటే ఎత్తులో పెట్టండి, లేదా గొట్టం మధ్యలో నీళ్లు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వ్ పెట్టించండి, చాలా చవక. లేకపోతే కరెంటు పోగానే నీళ్లు గొట్టంలోంచి వెనక్కి వచ్చి పంపులోకి, అక్కడి నుంచి ప్లగ్గులోకి దిగుతాయి. వైరు ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా పెడితే చుక్కలు ప్లగ్గు దాకా రావు. చేయి ట్యాంకులో పెట్టే ముందు స్విచ్ ఆపడం పాపకి మొదటి రోజే అలవాటు చేయండి.

పెరంబూరు అమ్మ:

స్పాంజి, పంపు, చెక్ వాల్వ్, యాంటీ క్లోరిన్, టెస్ట్ కిట్ అన్నీ తెచ్చాం. ఆ పెద్దాయన షాపులోనే కొన్నాను, తన సొంత ట్యాంకులోని స్పాంజి పిండిన నీళ్లు సీసాలో పోసి ఊరికే ఇచ్చారు. నిన్న రాత్రి నుంచి ఫిల్టర్ నడుస్తోంది, టవల్ మీద పెట్టాక మోత బాగా తగ్గింది. పాప రోజూ చిటికెడు మేత తనే వేస్తానంటోంది, క్యాలెండర్‌లో ఆరు వారాలు గీతలు గీసుకుంది.