మేతకు తిరిగే గొర్రెల్లో ఎండు గడ్డి జీర్ణశాతం 66 వచ్చింది, నమ్మవచ్చా?

పీజీ_పశుపోషణ: అంజన్ గడ్డి బీడులో 30 కిలోల నెల్లూరు పొట్టేళ్లు మేస్తున్నాయి. మే నెల కావడంతో గడ్డి పూర్తిగా ఎండింది. ఆమ్లంలో కరగని బూడిద గడ్డిలో 2.4 శాతం, పెంటికల్లో 7.2 శాతం వచ్చింది. ఈ బూడిద అరగకుండా అంతా పెంటికల్లోకే వస్తుంది కాబట్టి, 2.4ను 7.2తో భాగిస్తే తిన్నదాంట్లో మూడో వంతు అరగలేదు, జీర్ణశాతం 66.7. గడ్డి మీటరు చదరం వేసి కోశాం, పెంటికలు పొద్దున్నే దొడ్డిలో ఏరాం. ఎక్కడైనా తప్పుందా?

మేత_ల్యాబ్: లేత వానాకాలపు గడ్డికి రావాల్సిన అంకె అండీ ఇది. తప్పు దొడ్డిలోనే ఉంది. పచ్చి పెంటిక నేలమీద పడగానే ఇసుక అంటుకుంటుంది. ఇసుకంతా సిలికాయే, ఆమ్లంలో కరగదు. పెంటికల్లో అసలు ఉన్నది 4.8 శాతమే అనుకోండి, జీర్ణశాతం 50. ఎండు పెంటిక నూరు గ్రాములకు రెండున్నర గ్రాముల ఇసుక కలిస్తే చాలు, 4.8 కాస్తా 7.2 అవుతుంది. కంటికి కూడా కనపడదు.

గ్లవ్ వేసుకుని నేరుగా మలద్వారం నుంచి తీయండి. పొద్దున, సాయంత్రం, వరుసగా 5 రోజులు. ఏ జీవానిది ఆ జీవానికి విడిగా కలిపి, 60 డిగ్రీల్లో 48 గంటలు ఆరబెట్టి, 1 మి.మీ. జల్లెడకు పొడి చేయండి. 5 గ్రాములు 450 డిగ్రీల్లో రాత్రంతా కాల్చి, 2 నార్మల్ గాఢత గల హైడ్రోక్లోరిక్ ఆమ్లం 100 మి.లీ.లో 5 నిమిషాలు మరిగించి, వేడిగా ఉండగానే బూడిద మిగలని వడపోత కాగితంలో వడకట్టండి. ఆమ్లం పోయేదాకా వేడినీళ్లతో కడిగి, మళ్లీ కాల్చి తూచండి.

బీడు_మేత: గడ్డి నమూనా కూడా సరికాదు. చదరంలో కోస్తే కాడలన్నీ వస్తాయి, గొర్రె మాత్రం ఆకు ఏరుకుని తింటుంది. గడ్డిజాతుల్లో సిలికా ఆకులోనే ఎక్కువ. కాడ కలిసిన నమూనాలో బూడిద తక్కువ పడి, ఇక్కడా జీర్ణశాతం పైకే పోతుంది. గొర్రె వెనకే నడిచి, అది కొరికిన ఎత్తులో అదే భాగం చేత్తో తుంచండి. తిన్నది బయటికి రావడానికి సమయం పడుతుంది కాబట్టి, పెంటికల కన్నా రెండు రోజులు ముందే మొదలుపెట్టండి.

పీజీ_పశుపోషణ: అర్థమైంది సార్. కానీ పొట్టి గడ్డి కొరికేటప్పుడు గొర్రె మన్ను కూడా మింగుతుంది కదా? అది లోపలినుంచే వస్తుంది.

మేత_ల్యాబ్: సరైన సందేహం. అలాంటి బీడులో ఈ బూడిదను ఆనవాలుగా వాడి లెక్కకట్టడం వదిలేయండి. తుంచిన గడ్డికే టిల్లీ–టెర్రీ పద్ధతి (ట్యూబులో గడ్డిని అరిగించి చూసే పరీక్ష) చేయండి: అర గ్రాము పొడి, రూమెన్ (పశువు పెద్ద పొట్ట) ద్రవం 10 మి.లీ., ఆమ్లత మారకుండా ఉంచే బఫర్ ద్రావణం 40 మి.లీ., 48 గంటలు. తర్వాత పెప్సిన్ (మాంసకృత్తులను అరిగించే ఎంజైము)–ఆమ్లంలో మరో 48 గంటలు. గడ్డి లేని ట్యూబు, జీర్ణశాతం ముందే తెలిసిన గడ్డి ఉన్న ట్యూబు ప్రతిసారీ తప్పకుండా పెట్టాలి. రూమెన్ ద్రవం రోజుకో తీరుగా ఉంటుంది. ఎంత తిన్నాయో లెక్కకట్టడానికి రోజు మొత్తం పెంటికలు కావాలి, అందుకు పొట్టేళ్లకు సంచి కట్టండి, వాటికి మూత్రం అందులో పడదు. మన్ను బరువు కలవకుండా బూడిద తీసేసిన తూకం వేయండి.

బీడు_మేత: మేత లెక్కలో ఈ తేడా ఎంతవుతుందో చూడండి. రోజుకు 350 గ్రాముల ఎండు పెంటికలు వస్తే, 50 శాతం దగ్గర తిన్నది 700 గ్రాములు. 66.7 దగ్గర 1,050. 30 కిలోల పొట్టేలు ఎండు గడ్డి మీద శరీర బరువులో 3.5 శాతం తినడం కష్టం.