మానేసిన గంజాయి మళ్లీ మొదలైంది. ఈ వయసులో ఇలా ఎందుకు మారుతూ ఉంటుంది?

ఒక మేనమామ:
మా అక్క కొడుక్కి పదిహేడేళ్లు. గంజాయి సంగతి ఇంట్లో తెలియదు, నాకొక్కడికే చెప్పాడు. పదిహేనో ఏట స్నేహితుల గుంపులో మొదలై, కొన్నాళ్లు వారం వారం సాగిందట. ఫుట్‌బాల్ టీమ్‌లోకి తీసుకున్నాక దాదాపు మానేశాడు. హమ్మయ్య అనుకున్నాను. ఇప్పుడు మళ్లీ పట్టాడు. ఈసారి ఒక్కడే, రాత్రిపూట, గది కిటికీ తెరిచి. "నిద్ర కోసం మామయ్యా, అంతే" అంటున్నాడు. ఇది వయసుతో పాటు పోయేదా, ముదిరేదా? మానినవాడికి మళ్లీ ఎందుకు బుద్ధి పుడుతుంది? క్లాసులు పీకొద్దు, ఆ పని నేను ఇప్పటికే చేశాను, లాభం లేదు.

కౌన్సెలర్ (టీనేజర్లతోనే పని):
మీరు రాసినదాంట్లో నాకు కొట్టొచ్చినట్టు కనిపించింది "ఒక్కడే, రాత్రిపూట" అన్న మాట. మొదటిసారి తాగింది గుంపు కోసం. గుంపు మారింది, సాయంత్రాలు ప్రాక్టీసుకు పోయాయి, అలవాటు దానంతటదే సన్నగిల్లింది. చాలామంది పిల్లల్లో జరిగేది ఇదే. ఇప్పుడు తాగుతున్నది గుంపు కోసం కాదు. అందుకే దీన్ని పాత అలవాటు తిరగబెట్టడం అని కాక, కొత్తగా మొదలైనదనే అనుకోండి.

నిద్ర కోసం తాగడంలో ఒక తిరకాసు ఉంది. రోజూ తాగితే ఒళ్లు అలవాటుపడి, అదే మోతాదు పనిచేయడం తగ్గుతుంది. ఆపితే ఒకటి రెండు రోజుల్లో చిరాకు, ఆకలి మందగించడం, నిద్ర పట్టకపోవడం, పట్టినా విచిత్రమైన కలలు. మొదటి వారం గట్టిగా ఉండి, రెండు వారాలకు చాలావరకు తగ్గుతాయి. నిద్ర మాత్రం ఇంకొన్నాళ్లు సతాయించవచ్చు. 2013లో వచ్చిన డీఎస్ఎం-5లో, అంటే మానసిక జబ్బులను గుర్తించడానికి అమెరికా మానసిక వైద్యులు వాడే పుస్తకంలో, మానేసినప్పుడు వచ్చే ఈ ఇబ్బందులను విడిగా గుర్తించారు కూడా. పిల్లవాడికి ఇవేవీ తెలియవు. రెండు రాత్రులు ఆపి చూసి, కళ్లు మూతపడకపోతే, "చూశావా, ఇది లేకపోతే నాకు నిద్ర రాదు" అని తేల్చేసుకుంటాడు.

ఇంకోటి, పొగాకు కలిపి చుడుతున్నాడేమో అడగండి. పెద్దలు ఇది అడగరు, ఎందుకో తెలియదు. కలిపితే నికోటిన్ కూడా పట్టుకుంటుంది. నికోటిన్ నిద్రను చెడగొడుతుంది.

"ఎన్నిసార్లు తాగావు" అంటే లెక్క తగ్గించి చెబుతాడు. "తాగని రాత్రి ఎలా గడిచింది" అని అడగండి, నోరు విప్పుతాడు. టీమ్‌లో ఇంకా ఉన్నాడా అన్నదీ కనుక్కోండి. ఎవరో తనను గమనిస్తున్నారని అనుమానపడినా, లేని మాటలు వినిపిస్తున్నాయన్నా, ఇంట్లో ఎవరికైనా అలాంటి జబ్బు ఉన్నా, నాతో చర్చ కాదు, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

అంకెల పిచ్చోడు:
ఒక్క పిల్లవాడి సంగతి కౌన్సెలర్ గారు చెప్పారు. తరం మొత్తంగా చూసినా ఈ ఎగుడుదిగుళ్లు కనిపిస్తాయి. అమెరికాలో 1975 నుంచి ఏటా స్కూలు పిల్లల్ని అడిగే సర్వే ఉంది, మానిటరింగ్ ద ఫ్యూచర్. గడిచిన ఏడాదిలో గంజాయి తాగామన్న పన్నెండో తరగతి పిల్లలు 1979లో సుమారు 51 శాతం. 1992లో 22. 1997కల్లా మళ్లీ 38 దాటింది. 2024లో దాదాపు 26.

చాలాకాలం దీనికి ఒక సూత్రం సరిపోయింది. ప్రమాదమని పిల్లలు నమ్మినప్పుడు వాడకం తగ్గేది, ఆ భయం పోతే పెరిగేది. తర్వాత అది పట్టు తప్పింది. భయం ఏళ్ల తరబడి తగ్గుతూ వచ్చినా వాడకం ఆ మేరకు పెరగలేదు. సిగరెట్ తాగే పిల్లలే బాగా తగ్గిపోవడం, సాయంత్రాలు బయట తిరగడం తగ్గడం కారణాలై ఉండొచ్చని పరిశోధకులు అంటారు. కోవిడ్ కాలంలో, 2021లో, ఒక్కసారిగా పడిపోయింది. పెద్దల కళ్లు కప్పే చోటే లేకపోయె మరి! నన్నడిగితే మనం చేసే బోధనల కన్నా ఖాళీ సాయంత్రాలదే పెద్ద పాత్ర.

పాత పొగరాయుడు:
నేను మానాలని ఏనాడూ ఒట్టు పెట్టుకోలేదు. గది ఉన్న స్నేహితుడికి ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు, మాకు కూర్చునే చోటు లేకుండా పోయింది, అంతే. మా గుంపులో ఒక్కడు మాత్రం మానలేదు. వాడు మొదటి నుంచీ ఒంటరిగానే తాగేవాడు, మాతో కూర్చున్నా మాట్లాడేవాడు కాదు. మీ మేనల్లుడిది ఆ రకమో కాదో చూసుకోండి.

ఒక మేనమామ:
నిన్న అడిగాను. పొగాకు కలుపుతున్నాడట. టీమ్ నుంచి తీసేసి చాలా రోజులైంది, సిగ్గుపడి ఇంట్లో చెప్పలేదు. సాయంత్రం ప్రాక్టీసని చెప్పి బయటికొచ్చి ఊరికే తిరుగుతున్నాడు. తాగని రాత్రి ఏం చేస్తావంటే, "ఆ సెలక్షన్ రోజే కళ్ల ముందు తిరుగుతుంటుంది" అన్నాడు. అక్కకు ఇప్పుడే చెప్పేయనా?

కౌన్సెలర్:
ముందు టీమ్ సంగతి వాడి నోటితోనే చెప్పించండి, మీరు పక్కన కూర్చోండి. గంజాయి మాట ఆ తర్వాత ఎత్తవచ్చు. కానీ ఎక్కువ రోజులు నాన్చకండి. ఆపే రోజు పరీక్షల ముందు పెట్టుకోవద్దు. మొదటి వారం రాత్రిళ్లు వాడు ఫోన్ చేస్తే మీరు ఎత్తేలా ఉండాలి.